ప్లూటో కంటే ముందు సెరిస్ ఉంది

ఎడిటర్ గారికి నమస్కారం.

మీ ఆదివారం అనుబంధంలో ప్లూటోకు జరిగిన అన్యాయం గురించి పేజీ నిండా వ్యాసం వేశారు. సైన్స్‌కి పేజీ మొత్తం కేటాయించినందుకు ముందుగా థాంక్స్. కానీ ఆ వ్యాసం చదివిన వాళ్లకి ఏమనిపిస్తుందంటే, 2006లో కొంతమంది ఒక హాల్లో కూర్చుని చేతులెత్తి, 76 ఏళ్లుగా గ్రహంగా ఉన్నదాన్ని బయటికి నెట్టేశారని, అలాంటిది అంతకుముందు ఎప్పుడూ జరగలేదని అనిపిస్తుంది. జరిగిందండీ. అచ్చం ఇలాగే జరిగింది, అది కూడా ఒకటి కాదు నాలుగైదు గ్రహాలకి, వాటిలో మొదటిది సెరిస్. అప్పుడు ఎవరూ ఓట్లు వేయలేదు, ఎవరూ ధర్నాలు చేయలేదు కాబట్టి అది ఎవరికీ గుర్తులేదు, అంతే.

ఆ ముచ్చట చెప్పాలంటే యురేనస్ దగ్గర మొదలెట్టాలి. 1781 మార్చి 13న ఇంగ్లండ్‌లోని బాత్‌లో విలియం హెర్షెల్ తన ఇంటి పెరట్లో టెలిస్కోప్ పెట్టుకుని చుక్కలు చూస్తున్నాడు. ఆయన వృత్తి సంగీతం, టెలిస్కోప్ అద్దం తనే స్వయంగా అరగదీసి చేసుకున్నది. ఆయన వెతుకుతున్నది గ్రహాల కోసం కాదు, జంట నక్షత్రాల కోసం. వాటి మధ్యలో ఒకటి మాత్రం చుక్కలా కాకుండా చిన్న బిళ్లలా కనిపించింది, నాలుగు రోజుల తర్వాత చూస్తే పక్కకి జరిగింది కూడా. తోకచుక్క అనుకున్నాడు, తోకచుక్క అనే పేరు పెట్టి నివేదిక కూడా ఇచ్చాడు. లెక్సెల్ లాంటి వాళ్లు కక్ష్య లెక్క కట్టి చూశాక గానీ అది శనికి అవతల దాదాపు గుండ్రంగా తిరిగే గ్రహమని తేలలేదు. తమాషా ఏంటంటే దాన్ని 1690లోనే ఫ్లామ్‌స్టీడ్ చూశాడు, చూసి వృషభ రాశిలో 34వ నక్షత్రమని పట్టికలో రాసుకుని ముందుకు వెళ్లిపోయాడు! ఫ్రాన్స్‌లో లె మోనియే అయితే దాన్ని పదిసార్లకు పైగా చూశాడు, ఒక్కసారి కూడా పట్టుకోలేకపోయాడు. అంటే కళ్లకు కనబడటం వేరు, కనిపెట్టడం వేరు.

యురేనస్ దొరకడంతో ఒక పాత లెక్కకి ఎక్కడలేని గౌరవం వచ్చింది. టిటియస్, బోడె అనే ఇద్దరి పేరు మీద ఉన్న లెక్క అది. సూర్యుడి నుంచి భూమికి ఉన్న దూరాన్ని 1 అనుకుంటే గ్రహాల దూరాలు 0.4, 0.7, 1, 1.6, 2.8, 5.2, 10, 19.6 అన్న వరసలో వస్తాయంటుంది. యురేనస్ అసలు దూరం 19.2. ఇంత దగ్గరగా సరిపోయేసరికి అందరి చూపూ 2.8 మీద పడింది, ఎందుకంటే అంగారకుడికీ గురుడికీ మధ్య ఆ స్థానం ఖాళీగా ఉంది. 1800లో జర్మనీలో వాన్ జాక్ అనే ఆయన, ఇంకొందరు కలిసి ఏకంగా ఒక దండు కట్టారు, ఆకాశాన్ని 24 ముక్కలుగా పంచుకుని తప్పిపోయిన గ్రహాన్ని వెతుకుదామని. తమని తాము ఆకాశ పోలీసులు అని పిలుచుకున్నారు కూడా.

తీరా చూస్తే గ్రహం ఆ పోలీసులకి దొరకలేదు. 1801 జనవరి 1న సిసిలీలోని పలెర్మోలో నక్షత్రాల పట్టిక తయారు చేసుకుంటున్న జుసెప్పే పియాజీకి దొరికింది. ఆయన పేరు కూడా ఆ దండులో చేర్చాలనుకున్నారు గానీ ఆహ్వానం ఆయనకి ఇంకా అందనే లేదు. రాసుకున్న చుక్కల్లో ఒకటి మర్నాటికి జరిగింది, ఆ మర్నాడు మళ్లీ జరిగింది. పైకి తోకచుక్క అని ప్రకటించినా, స్నేహితుడు ఒరియానికి రాసిన ఉత్తరంలో మాత్రం ఇది అంతకంటే మంచిదే కావచ్చని గుట్టు విప్పాడు. ఫిబ్రవరి 11 దాకా చూశాడు, ఈలోగా జబ్బు పడ్డాడు, ఆ తర్వాత అది సూర్యుడి వైపు వెళ్లి వెలుగులో కలిసిపోయింది. ఇంకేముంది, దొరికిన గ్రహం కాస్తా పోయింది. చూసింది కక్ష్యలో ఇంత చిన్న ముక్క, దాన్ని బట్టి మిగతా దారి ఎలా ఉంటుందో చెప్పే పద్ధతి అప్పటికి లేదు. 24 ఏళ్ల గణితవేత్త గౌస్ ఆ పద్ధతి కనిపెట్టి, ఫలానా చోట వెతకండి అని చెప్పాడు. ఆ ఏడాది ఆఖరి రోజు డిసెంబర్ 31న వాన్ జాక్‌కి, మర్నాడు ఓల్బర్స్ అనే ఇంకో ఖగోళవేత్తకి అక్కడే కనిపించింది. మొత్తం గ్రహాల చరిత్రలో నాకు అన్నిటికంటే ఇష్టమైన ఘట్టం ఇదే, మీ వ్యాసంలో దీనికి ఒక్క వాక్యం కూడా లేదు.

దాని పేరు సెరిస్. దూరం 2.77. ఇంకేం కావాలి, గ్రహం అన్నారు. కానీ మూడు నెలలు తిరక్కుండానే, 1802 మార్చిలో, ఓల్బర్స్‌కి దాదాపు అదే దూరంలో ఇంకొకటి దొరికింది, పాలస్. 1804లో జూనో, 1807లో వెస్టా. ఒక్క గ్రహం ఉండాల్సిన చోట నాలుగు! వీటికి గ్రహశకలాలు అని వేరే పేరు పెడదామని 1802లోనే హెర్షెల్ అన్నాడు. అప్పట్లో ఎవరూ పెద్దగా పట్టించుకోలేదు, ఆయన కనిపెట్టిన యురేనస్‌కి పోటీ రాకుండా వీటిని తక్కువ చేస్తున్నాడని గొణుక్కున్న వాళ్లూ ఉన్నారు. దాదాపు 40 ఏళ్లు ఖగోళ శాస్త్రం పుస్తకాల్లో మొత్తం 11 గ్రహాలని రాసుకున్నారు, పిల్లలు అలాగే చదువుకున్నారు. సెరిస్‌కి కొడవలి గుర్తు, మిగతా వాటికి తలా ఒక గుర్తు కూడా పెట్టారు. అంతెందుకు, యురేనియానికి యురేనస్ పేరు, ప్లూటోనియానికి ప్లూటో పేరు పెట్టినట్టే సీరియం అనే మూలకానికి సెరిస్ పేరు పెట్టారు. అది ఇప్పటికీ అలాగే ఉంది.

1845లో హెంకే అనే ఆయన ఐదోది పట్టుకున్నాడు. పోస్టాఫీసు ఉద్యోగి, ఖగోళం ఆయనకి సరదా మాత్రమే, దాని కోసం 15 ఏళ్లు వెతికాడు. అక్కడితో గేట్లు తెరిచినట్టయింది. 1847 ఒక్క ఏడాదే మూడు దొరికాయి, తర్వాత ఏటా దొరుకుతూనే ఉన్నాయి. గుర్తులు గీయలేక చేతులెత్తేసి, 1850ల నుంచి అంకెలు వేయడం మొదలుపెట్టారు. సెరిస్ 1, పాలస్ 2, అలా. ఎవరూ సభ పెట్టలేదు, తీర్మానం చేయలేదు. పుస్తకాల్లో గ్రహాల వరసలోంచి తీసి వేరే పట్టికలో వేశారు, అయిపోయింది. మాటల్లో మాత్రం వాటిని చిన్న గ్రహాలు అనడం ఆ తర్వాత కూడా చాలాకాలం నడిచింది.

ఇప్పుడు ప్లూటో సంగతికి వద్దాం. మీ వ్యాసంలో అది లెక్క కట్టి కనిపెట్టిన గ్రహమని రాశారు. లెక్క కట్టి కనిపెట్టింది నెప్ట్యూన్‌ని. యురేనస్ నడకలో తేడాలు చూసి ఫ్రాన్స్‌కి చెందిన లె వెర్యే ఫలానా చోట ఉంటుందని ఉత్తరం రాస్తే, అది అందిన రోజు రాత్రే, 1846 సెప్టెంబర్ 23న, బెర్లిన్‌లో గాలె, డారెస్ట్ చూశారు, చెప్పిన చోటుకి ఒక డిగ్రీ లోపే ఉంది. ఇంగ్లండ్‌లో ఆడమ్స్ కూడా లెక్క వేశాడని, గొప్ప ఎవరిదని రెండు దేశాలు కొట్టుకున్నాయి, అది వేరే భారతం. అదే లె వెర్యే 1859లో బుధుడి నడకలో తేడా చూసి, సూర్యుడికి ఇంకా దగ్గర్లో ఇంకో గ్రహం ఉండాలన్నాడు, వల్కన్ అని పేరు కూడా పెట్టేశారు, చూశామన్న వాళ్లు కూడా తయారయ్యారు. అలాంటి గ్రహమే లేదు. ఆ తేడా, శతాబ్దానికి 43 ఆర్క్ సెకన్లు (ఆర్క్ సెకను అంటే డిగ్రీలో 3600వ వంతు), గురుత్వాకర్షణ గురించి మన అవగాహనలో ఉన్న లోటని 1915లో ఐన్‌స్టీన్ తేల్చాడు. మనిషి అతనే, పద్ధతి అదే, ఒకసారి తగిలింది, ఒకసారి తగల్లేదు.

అమెరికా ఖగోళవేత్త పెర్సివల్ లోవెల్ కూడా యురేనస్ నడకలో మిగిలిన చిన్న చిన్న తేడాలు పట్టుకుని, నెప్ట్యూన్ అవతల భూమికి ఆరేడు రెట్లు బరువున్న ప్లానెట్ ఎక్స్ ఉందన్నాడు. 1916లో చనిపోయాడు, దొరకలేదు. ఆయన అరిజోనాలో కట్టించిన అబ్జర్వేటరీలో 1929లో క్లైడ్ టాంబా అనే కుర్రాడు చేరాడు. పాతికేళ్లు కూడా నిండలేదు, కాన్సాస్ రైతు కుటుంబం, అప్పటికి కాలేజీ గడప తొక్కలేదు. సొంతంగా చేసుకున్న టెలిస్కోప్‌తో గురుడినీ అంగారకుడినీ చూసి గీసిన బొమ్మలు పంపిస్తే ఉద్యోగం ఇచ్చారు. ఆ ఉద్యోగం ఎలాంటిదో కాస్త వివరంగా చెప్పాలి. ఆకాశంలో ఒక ముక్కని గాజు పలక మీద గంట సేపు ఫొటో తీయాలి, కొన్ని రోజులాగి అదే ముక్కని మళ్లీ తీయాలి. రెండు పలకల్నీ ఒక యంత్రంలో పక్కపక్కన పెట్టి ఒకే కంటికటకంలోంచి చూడాలి, యంత్రం ఒకసారి దీన్నీ ఒకసారి దాన్నీ చూపిస్తుంటుంది, టక్ టక్ మని. లక్షల చుక్కలు కదలకుండా ఉంటాయి, జరిగింది ఏదన్నా ఉంటే అటూ ఇటూ గెంతుతుంది. గ్రహశకలాలూ గెంతుతాయి మరి, వాటితో పొరబడకుండా ఉండటానికి అతను ఆ ఆకాశపు ముక్క సూర్యుడికి సరిగ్గా ఎదుటి వైపున ఉన్నప్పుడే ఫొటో తీసేవాడు. అప్పుడు కనిపించే కదలిక చాలామటుకు భూమి కదలిక వల్లే వస్తుంది, కాబట్టి వస్తువు ఎంత దూరంగా ఉంటే అంత తక్కువ గెంతుతుంది. 1930 ఫిబ్రవరి 18న అతను, జనవరి 23న, 29న తీసిన రెండు పలకల్ని చూస్తుంటే మిథున రాశిలో ఒక మసక చుక్క మూడు నాలుగు మిల్లీమీటర్లు మాత్రమే గెంతింది. అంటే నెప్ట్యూన్‌కి అవతలది.

లోవెల్ చెప్పిన చోటుకి ఆరు డిగ్రీల దూరంలోనే ఉంది కాబట్టి ఆయన లెక్క ఫలించిందని ప్రపంచమంతా చప్పట్లు కొట్టింది. ఆక్స్‌ఫర్డ్‌లోని 11 ఏళ్ల అమ్మాయి వెనీషియా బర్నీ చెప్పిన ప్లూటో అనే పేరు పెట్టారు. తర్వాత దాని బరువు ఎప్పుడు లెక్క కట్టినా అంతకుముందు కంటే తగ్గుతూ వచ్చింది. 1978లో జేమ్స్ క్రిస్టీ దాని ఉపగ్రహం కేరన్‌ని కనిపెట్టాక అసలు బరువు తేలింది. భూమి బరువులో వెయ్యింట రెండు వంతులు. మన చందమామ దాని కంటే ఐదారు రెట్లు బరువు. ఇంత తేలికది యురేనస్‌ని ఎలా లాగుతుంది? లాగలేదు. 1989లో వాయేజర్ 2 వ్యోమనౌక నెప్ట్యూన్ పక్కనుంచి వెళ్లినప్పుడు నెప్ట్యూన్ బరువు సరిగ్గా తెలిసింది, ఆ అంకె వేసి 1993లో స్టాండిష్ అనే ఖగోళవేత్త మళ్లీ లెక్క కడితే యురేనస్ నడకలో తేడాలే మిగల్లేదు. లోవెల్ వెతికిన గ్రహం ఎక్కడా లేదు, టాంబాకి ప్లూటో దొరకడం అతని ఓపిక. ఆ తర్వాత కూడా అతను 13 ఏళ్లు అలాగే వెతికాడు, ఇంకో గ్రహం దొరకలేదు.

1992లో జ్యూయిట్, లూ అనే ఇద్దరు ఖగోళవేత్తలు ఐదేళ్ల వెతుకులాట తర్వాత హవాయిలో నెప్ట్యూన్ అవతల ఇంకో వస్తువును పట్టుకున్నారు. తర్వాత వందల్లో దొరికాయి, కైపర్ బెల్ట్, అంటే నెప్ట్యూన్ అవతల తిరిగే చిన్న చిన్న వస్తువుల పట్టీ, ఊహ కాదని తేలిపోయింది. పొడుగాటి క్యూలో అందరికంటే ముందు నిలబడ్డ మనిషి ఒక్కడే మన కంటపడితే, వాడొక్కడే వచ్చాడనుకుంటాం కదా, ప్లూటో విషయంలో అయింది అదే. 2005లో మైక్ బ్రౌన్, ట్రుహియో, రబినోవిట్జ్ పాలొమార్ టెలిస్కోప్‌తో కనిపెట్టిన, ప్లూటో కంటే పెద్దదని అప్పట్లో అనుకున్న ఎరిస్‌ని ప్రకటించేసరికి ఇక తప్పించుకోవడానికి వీల్లేకుండా పోయింది. ప్లూటో గ్రహమైతే ఎరిస్ కూడా గ్రహమే అనాలి, దాని వెనక వచ్చేవాటికి తలుపులు తెరిచే ఉంచాలి. లేదంటే రెండూ కావు అనాలి. సెరిస్ దగ్గర 40 ఏళ్ల తర్వాత మొదలైన చిక్కే ఇక్కడ 62 ఏళ్ల తర్వాత, 1992లో మొదలైంది.

ప్రాగ్‌లో అంతర్జాతీయ ఖగోళ సంఘం సభ గురించి మీరు రాసిన దాంట్లో ఒక ముఖ్యమైన సంగతి లేదు. అక్కడ మొదట పెట్టిన ముసాయిదా ప్లూటోని తీసేయాలని కాదు, గ్రహాల సంఖ్యని 12 చేయాలని! సెరిస్, కేరన్, ఎరిస్ కలిపి. గుండ్రంగా ఉండి సూర్యుడి చుట్టూ తిరిగితే గ్రహమే అని. దాన్ని సభ్యులు ఒప్పుకోలేదు, ఉరుగ్వేకి చెందిన ఫెర్నాండెజ్, టాంక్రెడి లాంటి వాళ్లు వేరే ప్రతిపాదన తెచ్చారు, వారం రోజులు వాదోపవాదాలు నడిచాయి. ఆగస్టు 24న, ముగింపు సమావేశంలో, పసుపు కార్డులు ఎత్తి ఓటేశారు. ఆ చర్చ నడిపిన జోసెలిన్ బెల్ బర్నెల్ వేదిక మీదికి ఒక గొడుగు తీసుకొచ్చి, గ్రహం అనే మాట ఈ గొడుగైతే దీని కింద ఎవరెవరు ఉంటారని బొమ్మలు పెట్టి మరీ చూపించారు. మూడు షరతులు పెట్టారు: సూర్యుడి చుట్టూ తిరగాలి, సొంత బరువుతో గుండ్రంగా అయ్యుండాలి, తన కక్ష్య పరిసరాలను ఖాళీ చేసుకుని ఉండాలి. మూడోది లేకుండా మొదటి రెండూ ఉంటే మరుగుజ్జు గ్రహం. అదే తీర్మానంతో సెరిస్ గ్రహశకలం స్థాయి నుంచి మరుగుజ్జు గ్రహం స్థాయికి పైకి వచ్చింది, ఆ ఒక్క సంగతైనా రాసి ఉండాల్సింది.

ఓటింగ్ పద్ధతి మీద మీ వ్యాసకర్త కోపం న్యాయమే, నేను కాదనను. వేలల్లో ఉన్న సభ్యుల్లో ఆ రోజు హాల్లో మిగిలింది నాలుగు వందల పైచిలుకు. మూడో షరతు రాసిన తీరు కూడా బాగోలేదు. ఖాళీ చేసుకోవడం అంటే ఎంతవరకు? గురుడి దారిలో వేల గ్రహశకలాలు ఉన్నాయి, భూమి దారిని దాటి వెళ్లేవి ఎన్నో ఉన్నాయి, మరి వీటిని కూడా తీసేస్తారా అని ప్లూటో దగ్గరికి వెళ్లిన న్యూ హొరైజన్స్ మిషన్ నడిపిన ఆలన్ స్టెర్న్ అప్పటి నుంచీ దెబ్బలాడుతూనే ఉన్నారు. పైగా ఆ నిర్వచనం మన సూర్యుడి కుటుంబానికే. ఇతర నక్షత్రాల చుట్టూ దొరికిన వేలాది గ్రహాలకి అది వర్తించనే వర్తించదు. ఇవన్నీ నిజమే.

కానీ షరతు సరిగ్గా రాయలేదంటే దాని వెనకున్న విషయం అబద్ధమైపోదు. స్టీవెన్ సోటర్ అనే ఖగోళవేత్త 2006లోనే ఒక లెక్క చూపించాడు, ఒక్కో గ్రహం బరువు దాని కక్ష్య ప్రాంతంలో ఉన్న మిగతా సరుకంతటి బరువుకి ఎన్ని రెట్లు అని. భూమికి 17 లక్షల రెట్లు వస్తుంది. ఎనిమిదింటిలో అన్నిటికంటే తక్కువ అంగారకుడిది, అది కూడా 5 వేల రెట్లు. మరి సెరిస్? మూడో వంతు. ప్లూటో? పదో వంతు కూడా లేదు. 5 వేలకీ మూడో వంతుకీ మధ్య ఒక్కటి కూడా లేదు, చూడండి. ఇది ఎవరో హాల్లో కూర్చుని గీసిన గీత కాదు, అక్కడ ఉన్న అగాధం. ఇంకో సంగతి, ఆ స్టెర్నే 2000లో లెవిసన్‌తో కలిసి రాసిన పేపర్లో, పరిసరాల మీద పట్టున్న గ్రహాలనీ లేని వాటినీ వేరు చేసే పద్ధతి ప్రతిపాదించారు. రెండు రకాలనీ గ్రహాలే అనమంటారు ఆయన, నేను వద్దంటాను, అది వేరే విషయం, తేడా ఉందన్న మాట మాత్రం ఇద్దరికీ ఒకటే.

వ్యాసం చివర్లో తొమ్మిదో గ్రహం ఉన్నట్టు తేలిందని ఒక వాక్యం పడింది, అది దయచేసి సరిచేయండి. 2016లో బాటిగిన్, బ్రౌన్ చెప్పింది, దూరంగా ఉన్న కొన్ని వస్తువుల కక్ష్యలు ఒకే వైపు వరస కట్టినట్టున్నాయి, వాటిని లాగుతున్న పెద్ద గ్రహం ఒకటి ఉండొచ్చు అని. ఎవరూ చూడలేదు. ఆ వరస మనం వెతికిన తీరు వల్ల అలా కనిపిస్తోందని వాదించే వాళ్లూ ఉన్నారు. లె వెర్యే పేరు చెప్పి రెండు తరాల వాళ్లు వల్కన్ కోసం వెతికిన సంగతి పైన రాశాను.

ఫొటో కింద ఎరిస్ ప్లూటో కంటే పెద్దదని కూడా వేశారు. 2005లో అలాగే అనుకున్నారు. 2010లో ఎరిస్ ఒక నక్షత్రానికి అడ్డు వచ్చినప్పుడు కొలిస్తే 2326 కిలోమీటర్లు వచ్చింది, 2015లో న్యూ హొరైజన్స్ దగ్గరికి వెళ్లి కొలిస్తే ప్లూటో 2377. బరువులో మాత్రం ఎరిస్‌దే పైచేయి, నాలుగో వంతు పైగా ఎక్కువ.

ఇట్లు,
మీ పాఠకుడు